ఇసుకకు సరిపడే పళ్ళు

సందు మలుపు తిరగకముందే చప్పుడు వినిపించింది. కటకటకట, కాసేపు ఆగి మళ్ళీ కటకటకట. ఆగిపోయిన పెద్ద గడియారానికి ఎవరో ఓపిగ్గా కీ ఇస్తున్నట్టు. ఆగిన ప్రతిసారీ ఒక ఆడగొంతు అంకె చెబుతోంది. ఇరవై నాలుగు. ఇరవై అయిదు.

మలుపు తిరిగాక చూస్తే, రేకుల షెడ్డు వాకిట్లోంచి తెల్లటి అంబులెన్సు ఒకటి బయటికి వస్తోంది. డ్రైవరు సీటు ఖాళీ. ఇంజను నడవడం లేదు. వెనక తోసేవాళ్ళు లేరు. గోడ మీద ఎండ జరిగినంత మెల్లగా, బండి తనంతట తానే నీడలోంచి వెలుతురులోకి జరుగుతోంది.

బంపరు కింద మనిషి ఉంది. చిన్న చక్రాలున్న పలక మీద వెల్లకిలా పడుకుని, పొడవాటి పానాతో ఇంజను ముందున్న పెద్ద బోల్టును తిప్పుతోంది. ఆమె తిప్పితే ఇంజను తిరుగుతోంది, ఇంజను తిరిగితే గేర్లు, గేర్లతో చక్రాలు. రెండు టన్నుల బండి ఒక మనిషి మణికట్టు మీద నడుస్తోంది. అది ముందుకు వచ్చినంత మేర ఆమె పలకతో సహా వెనక్కి జారుతోంది. టైరు మీద సుద్దతో గీసిన గీత చుట్టు తిరిగి వచ్చి నేలను తాకింది.

"ముప్ఫై రెండు" అంది. తల తిప్పకుండానే, "కాస్త జరగండి, పాదాల మీదికొస్తుంది" అంది.

"ఇక్కడిదాకా రావడానికి ఇంకో గంట పట్టేలా ఉంది కదండీ" అన్నాను.

"అందుకే తొందరపెట్టకుండా చెప్తున్నా."

ఊరంతా ఆమెను పళ్ళ డాక్టరమ్మ అంటారు. ఆమె చూసేది గేర్ల పళ్ళు. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒకాయన ఆ పేరు విని, బుగ్గ వాచిపోయి, రుమాలు కట్టుకుని నిజంగానే షెడ్డుకు వచ్చాడట. ఏం చేశారని అడిగితే, "నోరు తెరవమని లెక్కపెట్టి చూశాను, ముప్ఫై ఉన్నాయి, రెండు తక్కువ, స్పేర్లు మా దగ్గర దొరకవని చెప్పి పంపాను" అంది. నవ్వకుండా చెప్పింది. షెడ్డు లోపల టైర్ల దగ్గరున్న భర్త మాత్రం వందోసారి విన్నా ఆపుకోలేక నవ్వాడు.

ఆ ఇంట్లో పంపకం స్పష్టంగా ఉంది. మావగారిది ఇనుము, కొడుకుది గాలి, కోడలిది పళ్ళు. పంక్చర్లు అతికి గాలి కొట్టే భర్త, షెడ్డుకు పెద్దయిన మావగారు, గేరుబాక్సుల బల్ల దగ్గర ఆమె. షెడ్డు వెనక గోడకే వంటగది తలుపు. కూర తరిగే పీట మీద ఒక్కోసారి బేరింగు గుండ్లు దొర్లుతుంటాయి, గేరుబాక్సుల బల్ల మీద ఒక్కోసారి ఉల్లిపాయలు.

ఆమె పుట్టింది మాత్రం ఇనుములో కాదు, గుడ్డలో. తల్లి దర్జీ. కాలితో తొక్కే కుట్టుమిషను కింద, రాలిపడే గుడ్డపీలికల మధ్య ఆమె బాల్యం గడిచింది. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, మధ్యలో తోలు పట్టీ. కిందిది ఒక్కసారి తిరిగితే పైది ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టడమే ఆమె మొదటి ఆట. తల్లి మందపాటి దుప్పటి కుట్టేటప్పుడు తొక్కుడు ఆపి, పైచక్రాన్ని చేత్తో తిప్పేది, ఒక్కో కుట్టూ బలంగా. పల్చటి గుడ్డ వచ్చినప్పుడు కాలు తేలిక చేసి, మధ్యలో ఆపకుండా ఒక్క ఊపులో కొస వరకూ పోనిచ్చేది. ఆగితే ముడత పడుతుంది, లాగితే చిరుగుతుంది. తల్లి ఎప్పుడూ ఆ మాట పైకి చెప్పలేదు. చెప్పకుండా నేర్చుకున్నవి మనిషిలో మరీ లోతుగా దిగుతాయి, వాటిని మనం నేర్చుకున్నామన్న సంగతి కూడా మర్చిపోతాం.

పెళ్ళై ఈ షెడ్డుకు వచ్చాక ఆరేళ్ళు ఆమెకూ గేర్లకూ మధ్య వంటగది గోడ ఉంది. తర్వాత మావగారి కళ్ళకు మసక కమ్మింది. ఒకరోజు ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చి, మురికి చేతిలో ఒక పళ్ళచక్రం చాచి, ఎంతో మామూలుగా, "అమ్మాయ్, దీనికి పళ్ళెన్నో చూడు" అన్నాడు. ఆమె చెయ్యి కడుక్కుని లెక్కపెట్టి చెప్పింది. ఆయన వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఆ రోజు తొమ్మిదిసార్లు వచ్చాడట. పదోసారి ఆమే పొయ్యి ఆపి, కొంగు దోపుకుని అటువైపు వెళ్ళింది. గోడ ఎవరూ కూల్చలేదు. అటూ ఇటూ తిరిగే మనిషి ఒకరు దొరికారు, అంతే.

ఈ ఊరి పక్కన ఒకప్పుడు రాళ్ళ క్వారీ ఉండేది. మావగారి ముప్ఫై ఏళ్ళ చదువంతా అక్కడిదే. కంప్రెసరు తగిలించుకుని నిట్టనిలువు రాతిబాట ఎక్కే జీపులకు కావలసింది ఒకటే, బలం. వేగంతో పని లేదు. ఇలాంటి బండ్లకు మామూలు గేరుబాక్సు వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. దాని రాడ్డును 'లో' వైపు వేస్తే నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి, బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ఎంత పెరగాలి, ఎంత తగ్గాలి అన్నది ఆ పెట్టెలోని పళ్ళచక్రాల జతను బట్టి ఉంటుంది. క్వారీ జీపులకు మావగారు వేసిన జత ఆ చుట్టుపక్కల పేరు పడ్డది. లో ఒకటిలో, అంటే 'లో' వేసి ఒకటో గేరులో పెడితే, బండి కంటే పక్కన నడిచే మనిషే ముందు పైకి చేరేవాడు, కానీ బండి ఆగేది కాదు. క్వారీ మూతపడ్డాక ఆయన ఒక జతను నూనెగుడ్డలో చుట్టి, మంచం కింద పెట్టెలో దాచుకున్నాడు, పిల్లల ఉంగరాలు దాచుకున్నట్టు.

ఊరికి తూర్పున ఇసుక. దాని అవతల ఉప్పుమడుల్లో పనిచేసే నూటయాభై కుటుంబాలు. మధ్యలో అర కిలోమీటరు మెత్తటి పల్లం, ఆ వెంటనే రెండు తాటిచెట్ల ఎత్తు దిబ్బ. గాలి ప్రతిరోజూ ఆ దిబ్బను చెరిపి మళ్ళీ గీస్తుంది. నిన్న వెళ్ళిన అడుగుజాడ ఇవాళ ఉండదు. అవతలి వాళ్ళకు జబ్బు చేస్తే మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకుని, రెండు గంటలు నడిచి తెచ్చేవాళ్ళు. ఎన్నో అర్జీల తర్వాత వాళ్ళకోసం ఒక నాలుగు చక్రాల అంబులెన్సు వచ్చింది. దాన్ని నడపడానికి పాత క్వారీ డ్రైవరును పెట్టారు. ఆయన్ను అందరూ నత్త అంటారు. క్వారీలో ముప్ఫై ఏళ్ళు మెల్లగా నడిపి ఒక్క రాయి కూడా జార్చనందుకు వచ్చిన పేరు. పిలిస్తే పలుకుతాడు, పైగా గర్వంగా.

నత్త ఇసుకలో కూడా క్వారీలోలాగే నడిపాడు. ఇంజను మూలిగితే గేరు తగ్గించు, ఇంకా మూలిగితే ఇంకా తగ్గించు. బండి వెళ్ళిన రోజు వెళ్ళేది, కూరుకున్న రోజు కూరుకునేది. బలం చాలడం లేదని మావగారు తీర్మానించాడు. మంచం కింది పెట్టె తీశాడు. ప్రాణంలా దాచుకున్న జతను, అవతలి వాళ్ళ మీద నిజమైన ప్రేమతో, ఆ అంబులెన్సుకు తొడిగాడు.

ఆ నెలలో అది నాలుగుసార్లు ఇరుసుల దాకా దిగబడింది. నాలుగోసారి లోపల కాలు విరిగిన మనిషి ఉన్నాడు. చివరికి ఆయన్ను అంబులెన్సులోంచి దించి, మంచం తెప్పించి, మోసుకొచ్చారు. మర్నాడు అంబులెన్సులో వెళ్ళే నర్సమ్మ షెడ్డుకు వచ్చి కూర్చుంది.

"మంచం కోడు ఒకటి నేనే పట్టుకున్నా" అంది, భుజం చూపిస్తూ. "దారంతా ఆయన నన్ను ఓదారుస్తూనే ఉన్నాడు. విరిగింది ఆయన కాలు."

వారంలోపల కాగితం వచ్చింది. బండ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. పూర్తి బరువుతో, ఎవరూ లాగకుండా, అంబులెన్సు మూడుసార్లు దిబ్బ ఎక్కి అవతలికి దిగాలి. ఎక్కలేకపోతే దాన్ని రోడ్లున్న వేరే చోటికి పంపేస్తారు. పరీక్షకు ఎనిమిది రోజులు గడువు. ఆ తర్వాత మళ్ళీ మంచమే.

ఆమె ఆ రోజే బండి కింద పడుకుంది. ప్లగ్గులు తీసేసి ఇంజనుకు ఊపిరి వదిలించి, టైరు మీద సుద్దగీత గీసి, పానా తిప్పుతూ లెక్కపెట్టింది. క్వారీ జతతో, లో ఒకటిలో, ఇంజను అరవై నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. అన్నిటికంటే వేగమైన నాలుగో గేరులో కూడా పదహారు. ఆమె లేచి కూర్చుంది. తప్పు ఎక్కడుందో అంకెల్లోనే కనిపించింది. ఈ పళ్ళతో 'లో'లో పరుగన్నదే లేదు. పరుగు కోసం 'లో' తీసేస్తే దిబ్బ మీద సత్తువ ఉండదు. అటు నుంచి ఇటు మార్చాలంటే ఈ బండిని ఆపాలి. మెత్తటి ఇసుకలో ఆపడమంటే కూరుకోవడమే.

టీ గ్లాసు అందిస్తూ మావగారికి చెప్పింది.

"మావయ్యా, ఇవి ఇసుకకి పనికిరావు."

"ఏవి?"

"క్వారీ పళ్ళు."

ఆయన గ్లాసు అందుకున్నాడు, తాగలేదు. "కంప్రెసరు లాగిన పళ్ళమ్మా అవి. ఉప్పు పండించుకునేవాణ్ణి ఒక్కణ్ణి లాగలేవా?"

"లాగలేక కాదు. లాగుడు ఎక్కువై."

"బలం ఎక్కువైతే తప్పంటావు. రేపు కాళ్ళు మరీ గట్టిగా ఉన్నాయి, నడవలేనంటావు."

"రాయిని తన్నితే ఎదురు తంతుంది మావయ్యా, బండి ముందుకెళ్తుంది. ఇసుకని తన్నితే పక్కకి తప్పుకుంటుంది. తన్నినవాడే గోతిలో పడతాడు."

టైర్ల తొట్టి దగ్గర్నుంచి భర్త, "నాన్నా, ఇది మా కాపురం గురించి చెప్తున్నట్టుంది" అన్నాడు.

"నువ్వు గాలి కొట్టు."

ఆ పూట మాట అక్కడితో తెగింది. రెండు రోజులు ఆయన ఆమెను పళ్ళు లెక్కపెట్టమని అడగలేదు. భూతద్దం పెట్టుకుని తనే లెక్కపెట్టి, తప్పు చెప్పుకుని, మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆమె వాదించలేదు. చూపు మసకబారిన మనిషికి చూపించి ఒప్పించలేం. అయితే ఆయన చేతులు ఇంకా చూస్తాయి. రాత్రి కరెంటు పోయినా బేరింగు అరిగిందో లేదో వేలితో చెప్పగలిగే చేతులవి.

మూడో రోజు పొద్దున ఆమె షెడ్డు పాతజీపు తీసింది. దానికి ఉన్నది మామూలు జత. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇసుక అంచు దాకా తీసుకెళ్ళి, దింపి, వెనక చక్రానికి కాస్త వెనగ్గా, పక్కకి, నాలుగడుగుల దూరంలో నిలబెట్టింది.

"చెయ్యి చాపండి మావయ్యా. అరచెయ్యి బండివైపు."

"నన్ను అడుక్కోమంటున్నావా?"

"ఏమొస్తుందో చూడండి."

లో ఒకటిలో పెట్టి క్లచ్ వదిలింది. చక్రం అక్కడికక్కడే కసిగా తిరిగింది. ఇసుక జల్లుమని ఎగిరి ఆయన అరచేతిలో, చొక్కాలో, మీసంలో పడింది. ఆమె బండిని వెనక్కి జరిపితే, ఆయన ఒంగి, చక్రం తవ్విన గోతిలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మోచేతి దాకా దిగింది.

"మళ్ళీ చాపండి."

ఈసారి లో రెండులో, క్లచ్ నింపాదిగా వదులుతూ కదిలింది. బండి ఆయన ముందు నుంచి దుప్పటి జారినట్టు జారిపోయింది. ఆయన చెయ్యి చాపుకునే ఉన్నాడు. అందులో ఒక్క రేణువు పడలేదు. ఒంగి నేలను తడిమాడు. టైరు అచ్చు ఉంది, గొయ్యి లేదు. ఇసుక అణిగి, చల్లగా, రొట్టెలా గట్టిపడి ఉంది. ఆయన ఆ అచ్చు వెంటే వేళ్ళు ఆనిస్తూ ఒంగి నడిచాడట, జీపు ఆగిన చోటుదాకా.

నిటారుగా నిలబడి, చేతులు దులుపుకుని, "విప్పు" అన్నాడు.

"ఏది?"

"ఇంకేది. నా క్వారీ."

అంబులెన్సుతో వచ్చిన అసలు జత కోసం ఇల్లంతా వెతికారు. పెద్దది తుక్కు డబ్బాలో దొరికింది. చిన్నది దొరకలేదు. చివరికి వంటగది కిటికీరెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డుపెట్టినది అదేనని భర్త కనిపెట్టాడు. అడ్డుపెట్టింది కూడా తనే కాబట్టి కనిపెట్టడం తేలికైంది. ఒక పంటి అంచు కాస్త లేచింది. ఆమె దాన్ని సానరాయితో గంటసేపు నునుపు చేసి, డీజిల్లో కడిగి, చిన్న పెట్టెలో బిగించి, మళ్ళీ బండి కింద పడుకుని లెక్కపెట్టింది. లో మూడులో పదకొండు చుట్లు. అంటే పల్లంలో పరుగెత్తగలదు, అదే గేరులో దిబ్బా ఎక్కగలదు. మధ్యలో చెయ్యి పెట్టాల్సిన పని లేదు. పల్చటి గుడ్డ మీద కొస దాకా పోయే ఒక్క కుట్టు.

పళ్ళు కుదిరాయి. కుదరనిది నత్త చెయ్యి.

"రెండులో కదులు బాబాయ్, మూడులో పరుగెత్తించు, మూడులోనే ఎక్కు. ఇంజను మూలుగుతుంది. మూలగనీ" అని చెప్పింది. నత్త తల ఊపాడు. ఊపినవాడు ఊపినట్టే, దిబ్బ సగంలో ఇంజను గొంతు దిగగానే రెండులోకి లాగాడు. క్లచ్ తొక్కిన ఆ ఒక్క క్షణంలో బండి ఊపు చచ్చిపోయింది. కూరుకుంది. తవ్వి తీశారు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ లాగాడు.

"నేను లాగలేదమ్మాయ్, చెయ్యే వెళ్ళింది" అన్నాడు తన చేతివైపు అనుమానంగా చూస్తూ. "ముప్ఫై ఏళ్ళుగా బండి ఏడిస్తే ఎత్తుకోవడం అలవాటు దానికి."

"ఇది ఏడుపు కాదు బాబాయ్, పాట అనుకో."

"నాకు సంగీతం రాదు."

మూడోసారి ఆమె పక్కసీట్లో కూర్చుంది. అతను మూడులో వేయగానే గేరు రాడ్డు తల మీద తన అరచెయ్యి మూసి పెట్టింది. సగం దిబ్బ దగ్గర నత్త చెయ్యి వచ్చింది, ఆమె వేళ్ళ మీద పడింది, అలవాటు కొద్దీ నలిపేసింది. ఆమె తియ్యలేదు. బండి గొణిగింది, వణికింది, వేగం తగ్గింది. తగ్గినా పాకుతూనే ఉంది, ముక్కు ఎత్తి, ఉన్నట్టుండి అద్దం నిండా ఆకాశం చూపించి, అవతలికి వాలింది. కింద ఉప్పుమడులు తెల్లటి పలకల్లా పరుచుకుని కనిపించాయి. నత్త బండి ఆపి, ఆమె చేతిని చూసి, కిందికి దిగి కాసేపు ఇసుకలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళలో తను అంత వేగంగా ఏ కొండా ఎక్కలేదన్నాడు. స్పీడు ముల్లు ఎక్కడుందని ఆమె అడిగితే, చూడటానికి భయమేసిందన్నాడు.

పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్ట, మాటల్లో పొదుపు. బరువు కోసం ఉప్పుమడుల వాళ్ళు ఎనిమిది బస్తాల ఉప్పు తెచ్చి అంబులెన్సులో పేర్చారు. టైర్లు ఇసుక మీద వెడల్పుగా పరుచుకునేలా భర్త నాలుగింటిలోనూ గాలి సగానికి తగ్గించాడు. గాలి కొట్టే తనచేత గాలి తీయిస్తున్నారని అందరికీ చెప్పుకున్నాడు. దిబ్బ మీద అవతలి జనం వరసగా కూర్చున్నారు. వాళ్ళలో చంకకర్రలు పక్కన పెట్టుకున్న కాలు విరిగినాయన కూడా ఉన్నాడు.

మొదటిసారి ఆమె పక్కన కూర్చుంది, రాడ్డు మీద చెయ్యి మూసింది. ఎక్కారు.

రెండోసారి సగంలో ఇన్‌స్పెక్టరు కింది నుంచి ఈల ఊది చెయ్యి ఎత్తాడు. ఆపమని. ఆమె నత్తకు చెప్పింది, బ్రేకు తొక్కకు, దానంతటదే ఆగనీ. ఆగింది. ఇన్‌స్పెక్టరు నడుచుకుంటూ వచ్చి, "రోగికి ఏదైనా అవసరమొస్తే దారిలో ఆపాల్సి వస్తుంది కదా. ఇప్పుడు ఎక్కించండి" అన్నాడు.

ఎత్తులో ఆగిన బండిని అక్కణ్ణుంచే పైకి లాగబోతే చక్రాలు తవ్వుతాయి.

"ఇక్కణ్ణుంచి ఎక్కించం సార్" అంది ఆమె. "వచ్చిన అచ్చులోనే వెనక్కి దిగి, మళ్ళీ పరుగు తీసుకుని ఎక్కుతాం. ఆ అచ్చు మేమే గట్టిపరుచుకున్న రోడ్డు."

"దిగడమంటే ఎక్కలేకపోయినట్టే కదమ్మా?"

"గోడ దూకేవాడు నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. వాణ్ణి పారిపోతున్నాడంటామా సార్?"

ఇన్‌స్పెక్టరు పక్కకు జరిగాడు. రివర్సులో, స్టీరింగు కదపకుండా, తమ గీతల్లోంచే కిందికి వచ్చారు. మళ్ళీ పరుగు, మళ్ళీ మూడు, మళ్ళీ ఆకాశం. అట్ట మీద ఏదో రాసుకున్నాడాయన.

మూడోసారి ఆమె సీట్లోకి ఎక్కబోతుంటే ఆపాడు. "రోజూ మీరు పక్కన కూర్చుంటారా?"

"లేదు సార్."

"అయితే దిగండి. నేను కూర్చుంటాను."

ఆమె దిగింది. కిటికీలోంచి నత్తను చూసింది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చెప్పవలసినవన్నీ చేతికే చెప్పాలి, చేతికి చెవులుండవు. బండి వెనక్కి వెళ్ళి, రెండులో కదిలి, మూడు అందుకుని, పల్లంలో వాళ్ళ ముందు నుంచి దూసుకుపోయింది. మావగారు ఆమె పక్కన నిలబడ్డాడు. ఆయనకు దిబ్బ ఒక పసుప్పచ్చటి మసక మాత్రమే.

"ఎక్కడున్నాడు?"

"మొదలుపెట్టాడు."

ఇంజను గొంతు నిండుగా ఉంది. తర్వాత కాస్త బరువెక్కింది.

"ఇప్పుడు?"

"సగం."

గొంతు ఇంకా దిగింది. లోపలెక్కడో ఎవరో బరువైన బీరువా జరుపుతున్నట్టు గుర్రుమంటోంది. ముప్ఫై ఏళ్ళు క్వారీలో ఆ గొంతు విన్న ప్రతిసారీ ఏ చెయ్యి ఎటు వెళ్ళిందో మావగారికి తెలుసు. తెలియకుండానే ఆయన చెయ్యి కూడా గాల్లో కదిలింది.

"లాగేస్తాడమ్మాయ్."

క్లచ్ తొక్కితే వినిపించే ఆ చిన్న ఖాళీ కోసం, ఆ తర్వాతి ఇనుప చప్పుడు కోసం ఇద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. గాలి వీచింది. దిబ్బ మీది జనం ఒక్కొక్కరే లేచి నిలబడటం ఆమెకు కనిపించింది. గొంతు అలాగే ఉంది. ఎంత దిగిందో అంతే ఉంది, తెగలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా తేలికైంది, బీరువా చోటు చేరినట్టు. చప్పుడు దిబ్బ అవతలికి జారి సన్నబడింది. పైన జనం చేతులెత్తారు. కర్రలాయన ఒక కర్ర ఎత్తి, రెండోది కూడా ఎత్తబోయి, పక్కవాణ్ణి పట్టుకున్నాడు.

మావగారు గాల్లో ఉన్న చెయ్యి దించుకుని, "నేనైతే లాగేసేవాణ్ణి" అన్నాడు.

అంబులెన్సు తిరిగొచ్చాక నత్త దిగి కుంటుకుంటూ వచ్చాడు. ఏమైందని అడిగితే, ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చున్నానని, ఇప్పుడు చెయ్యీ కాలూ రెండూ తిమ్మిరెక్కాయని చెప్పాడు. "మనిషిని అయితే బతిమాలొచ్చు అమ్మాయ్. చేతిని మాత్రం అణిచిపెట్టాల్సిందే." ఇన్‌స్పెక్టరు అట్ట మీద సంతకం చేసి, ఆ అట్టనే గట్టి బల్లగా ఆనించి ఇంకో కాగితం రాశాడు. తన కిందున్న మిగతా ఇసుక ప్రాంతాల అంబులెన్సులు కూడా ఆ షెడ్డుకే పంపాలని. నర్సమ్మ ఆ కాగితం చదివి, మడిచి, తిరిగివ్వకుండా తన సంచిలో పెట్టుకుంది. అడిగితే, ఒరిజినల్ నా దగ్గరుంటుంది, మీకు నకలు పంపుతానంది.

ఇది జరిగి రెండేళ్ళు. ఉప్పుమడుల నుంచి మంచం రాలేదు. అంబులెన్సులో పుట్టిన పిల్లలు ముగ్గురు, దిబ్బ దాటాక ఇద్దరు, ఎక్కుతుండగా ఒకతి. ఆ పిల్లను అవతల అందరూ మూడో గేరు అని పిలుస్తారట. షెడ్డు మీది బోర్డులో 'రాతి బండ్ల గేర్లు బాగుచేయబడును' అన్న పాత వాక్యం కింద, మావగారు పెయింటరును పిలిపించి, 'ఇసుకకు కూడా' అని రాయించాడు. ఆ రెండు మాటల అక్షరాలు పైవాటికంటే పెద్దవి. పెయింటరు పొరపాటని అనుకున్నాను. కాదు, ఆయనే దగ్గరుండి కొలత ఇచ్చాడట. ఇప్పుడు ఎవరైనా గేర్ల సంగతి అడిగితే, "డాక్టరమ్మనడగండి, నేను కాంపౌండర్ని" అంటాడు.

నేను వెళ్ళిన రోజు ఆమె కొలుస్తున్నది ఏడో అంబులెన్సు. అన్ని ఇసుకలూ ఒకటి కావంది. ఒకచోట రవ్వలా ఉంటుంది, ఒకచోట పిండిలా. ప్రతి బండితోపాటు ఆ ఊరి ఇసుక కూడా ఒక డబ్బాలో పంపమంటుంది. బల్ల మీద ఏడు డబ్బాలు, ఏడు రంగులు. ఒక్కోదాంట్లో చెయ్యి పెట్టి, గుప్పిట మూసి, వేళ్ళ మధ్య నుంచి ఎంతసేపట్లో జారిపోతుందో చూసి అప్పుడు పానా పట్టుకుంటుంది.

నేను సెలవు తీసుకుంటుండగా సందు చివర నుంచి హారన్ వినిపించింది. నత్త నడుపుతున్న అంబులెన్సు, పక్కన నర్సమ్మ, షెడ్డు ముందునుంచి ఇసుకవైపు వెళ్ళింది. నత్త మాకు చెయ్యి ఊపాడు. కుడిచెయ్యి. అవతల ఎవరికో నొప్పులు మొదలయ్యాయని నర్సమ్మ కిటికీలోంచి చెప్పింది. దిబ్బ ఎక్కడం చూద్దామని నేను మలుపు దాకా పరుగెత్తబోయి, మీరూ వస్తారా అని ఆమెను అడిగాను.

అప్పటికే ఆమె బండి కింద పడుకుని, టైరు మీద కొత్త సుద్దగీత గీస్తోంది.

"మీకు సరదాగా ఉంటే చూసి రండి. అది ఎక్కుతుందండీ."